బరంపురం, రాయగడ, పర్లాకిమిడి సైడ్ నుంచి ఫస్ట్ టైమ్ ఫ్లైట్ ఎక్కేవాళ్ళకి: ఎయిర్‌పోర్ట్ సెక్యూరిటీలో ఏం జరుగుద్ది, ఇంట్లోనే ఏం చూసుకోవాలి

మన సైడ్ విమానం ఎక్కాలంటే ముందు రైలో బస్సో ఎక్కాలి, అది అందరికీ తెలిసిందే. బరంపురం, ఛత్రపురం వాళ్ళకి అటు భువనేశ్వర్ ఇటు వైజాగ్, రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వాళ్ళు ఎక్కువగా వైజాగే పోతారు, జయపురంలో చిన్న ఊళ్ళకి విమానాలు నడిపే ప్రభుత్వ ఉడాన్ స్కీమ్ కింద చిన్న విమానాలు మొదలెట్టారు గానీ టికెట్ కొనే ముందు ఆ సర్వీసు నడుస్తుందో లేదో కనుక్కోవాలి. హైదరాబాద్ లో కొడుకు ఉద్యోగం, బెంగళూరులో కూతురి పురుడు, గల్ఫ్ లో పని, ఇలా ఏదో ఒక దానికి ఇంట్లో పెద్దవాళ్ళు కూడా ఇప్పుడు ఫ్లైట్ ఎక్కేస్తున్నారు. టికెట్ పిల్లలు ఫోన్ లో బుక్ చేసి వాట్సాప్ లో పడేస్తారు, లోపలికెళ్ళాక ఏటి చెయ్యాలో మాత్రం కూర్చోబెట్టి ఎవరూ చెప్పరు, అక్కడికెళ్ళాక సెక్యూరిటీ వాళ్ళు హిందీలో ఏదో అంటే పెద్దవాళ్ళు కంగారు పడటం. అందుకే మొత్తం వరసగా రాస్తున్నా, ముఖ్యంగా మన ఇళ్ళల్లో సర్దుకునే సామాను లెక్కలో.

సెక్యూరిటీ చెక్ అనేది జనం లేకపోతే నిజంగా ఐదు పది నిమిషాల పని. అక్కడ ఆగిపోయేవాళ్ళు ఏదో తప్పు చేసి ఆగరండి, సరుకు తప్పు సంచిలో పెట్టుకుని ఆగుతారు. కాబట్టి అసలు చెకింగ్ మన ఇంట్లో సూట్‌కేస్ సర్దేటప్పుడే అయిపోవాలి, నేను ఎవరు అడిగినా ఇదే చెప్తా.

సామాను కంటే ముందు పేరు చూసుకోండి. టికెట్ మీద పేరు, కార్డు మీద పేరు ఒకటే ఉండాలి, గేటు దగ్గర మొదట చూసేది అదే. మన ఒడిశా తెలుగోళ్ళకి ఇక్కడ స్పెషల్ గొడవ ఒకటుంది, మనకి ఇంటిపేరు ముందు వస్తది, ఆధార్ సెంటర్ లో కూర్చున్న ఒడియా అబ్బాయి దాన్ని చివర పెడతాడు, లేదా అసలు వదిలేసి రావు ఒక్కటే ఇంటిపేరు అనుకుంటాడు, అప్పారావు కాస్తా అపా రావు అవుతాడు, ఓటర్ కార్డు లో ఒకటి, పాన్ లో ఒకటి, ఆధార్ లో ఇంకొకటి. బుక్ చేసేది హైదరాబాద్ లో ఉన్న పిల్లాడు, వాడు ఇంట్లో పిలిచే పేరు కొట్టేస్తాడు. అందుకని టికెట్ బుక్ చేసేవాళ్ళకి ముందే మీరు ఏ కార్డు పట్టుకెళ్తారో ఆ కార్డు ఫోటో పంపండి, దాంట్లో అక్షరం ఎలా ఉంటే అలాగే కొట్టమనండి, తప్పు పడితే ప్రయాణం రోజు దాకా ఆగకుండా వెంటనే ఎయిర్‌లైన్ కస్టమర్ కేర్ కి ఫోన్ చెయ్యండి, ఒకటి రెండు అక్షరాల తేడా అయితే ముందుగా చెప్తే సరిచేస్తారు, గేటు ముందు నిలబడి చెప్తే అది వాళ్ళ ఇష్టం.

కార్డు అంటే ఆధార్, ఓటర్ కార్డు, డ్రైవింగ్ లైసెన్స్, పాన్, పాస్‌పోర్ట్ ఏదైనా పర్లేదు, ఫోటో ఉన్న ఒరిజినల్ కావాలి, జిరాక్స్ నడవదు, ఫోన్ లో ఎంఆధార్ యాప్ చూపిస్తే ఒప్పుకుంటారు కానీ వాట్సాప్ లో ఉన్న ఆధార్ ఫోటో చూపిస్తే ఒప్పుకోరు, ఈ రెండిటికీ తేడా చాలామందికి తెలీదు. అమ్మానాన్నలతో వెళ్ళే పిల్లలకి గేటు దగ్గర విడిగా కార్డు అడగరు, అయితే రెండేళ్ళ లోపు బిడ్డకి వయసు చూపించడానికి బర్త్ సర్టిఫికెట్ ఎయిర్‌లైన్ వాళ్ళు అడుగుతారు, అది పెట్టుకోండి.

ఇప్పుడు సామాను. రెండు రకాలు, ఒకటి కౌంటర్ లో ఇచ్చేసేది, దాన్ని చెకిన్ బ్యాగ్ అంటారు, మామూలుగా డొమెస్టిక్ లో 15 కేజీలు. రెండోది చేత్తో లోపలికి తీసుకెళ్ళేది, దాన్ని హ్యాండ్ బ్యాగ్ అంటారు, 7 కేజీలు, ఒక్కటే సంచి, ఆడవాళ్ళకి దాంతో పాటు చిన్న లేడీస్ పర్సు. మన అలవాటు ఏంటంటే ఒక ట్రాలీ, ఒక భుజం సంచి, ఒక క్యారేజీ సంచి, చేతిలో ఒక పాలిథిన్ కవరు. రైల్లో నడుస్తది, ఇక్కడ కౌంటర్ దగ్గర నిలబడి అన్నీ ఒకదాంట్లో కుక్కాలి, అదీ వెనక లైన్లో జనం చూస్తుండగా. ఇంట్లోనే తూకం వేసుకోండి.

ఏది ఎందులో పెట్టాలి అన్న దగ్గరే అసలు విషయం అంతా ఉంది. పచ్చడి ముందు చెప్తా, ఎందుకంటే బరంపురం నుంచి పచ్చడి అప్పడాలు లేకుండా బయల్దేరే తెలుగోడు ఉండడు. పచ్చడి చెకిన్ బ్యాగ్ లోనే పెట్టాలి. మిరపకాయ పచ్చడి, కారం పొడి హ్యాండ్ బ్యాగ్ లో ఒప్పుకోరు, కారం కంట్లో కొడితే అదీ ఆయుధమే అని వాళ్ళ లెక్క, మనకి నవ్వొచ్చినా లెక్క తప్పు కాదు. ఆవకాయ మాగాయ కూడా నూనె తేలుతూ ఉంటది కాబట్టి హ్యాండ్ బ్యాగ్ లో పెట్టి వాదించుకోవడం అనవసరం. సీసా మూతకి టేపు చుట్టి, రెండు కవర్లలో కట్టి, బట్టల మధ్యలో పెట్టండి, గాజు సీసా కంటే ప్లాస్టిక్ డబ్బా మేలు. అప్పడాలు, వడియాలు, జంతికలు, అరిసెలు, సున్నుండలు ఎందులో పెట్టినా పర్లేదు, అప్పడాలు మాత్రం చేతి సంచిలోనే క్షేమం, కిందకి వేస్తే పొడి అయిపోతాయి. నెయ్యి చెకిన్ లోనే. కోరాపుట్ పసుపు, కాలాజీర బియ్యం ఇలాంటివి కూడా చెకిన్ లో వేసేయండి, పొడి ప్యాకెట్లు స్కానర్ లో కనపడితే విప్పి చూస్తారు, టైమ్ దండగ. ఎండుచేపల సంగతి వేరు, సెక్యూరిటీ వాళ్ళకి అభ్యంతరం లేకపోయినా వాసన వస్తే ఎయిర్‌లైన్ వాళ్ళు తీసుకోరు, గాలి చొరబడకుండా ప్యాక్ చేస్తేనే, అది కూడా చెకిన్ లోనే. గంజాం మొగలి అత్తరు చిన్న సీసా అయితే సీల్ తో చెకిన్ లో పెట్టుకోండి. రాయగడ వైపు నుంచి ఇప్పసారా ప్లాస్టిక్ బాటిల్ లో పట్టుకెళ్దాం అనుకునేవాళ్ళు కూడా ఉంటారు, ఆ ఆలోచన మానేయండి, విమానంలో మందు అంటే షాపులో కొన్న సీలు బాటిల్ చెకిన్ లో, మనిషికి 5 లీటర్ల దాకా, ఇంట్లో కాచింది ఎంత మంచిదైనా లెక్కలోకి రాదు.

కొబ్బరికాయ గురించి చాలామందికి తెలీదు. ఎండు కొబ్బరి, కురిడీ అసలు విమానంలోకే వద్దు, చేతి సంచిలోనూ వద్దు చెకిన్ లోనూ వద్దు, దాంట్లో నూనె ఎక్కువ, దానంతట అదే వేడెక్కి అంటుకునే సరుకుల్లో దాన్ని పెట్టారు. మామూలు కొబ్బరికాయ కూడా హ్యాండ్ బ్యాగ్ లో మామూలుగా ఒప్పుకోరు. అయ్యప్ప స్వాములు ఇరుముడితో వెళ్తారు కదా, వాళ్ళ కోసం 2024 అక్టోబర్ లో ప్రత్యేకంగా పర్మిషన్ ఇచ్చారు, 2025 జనవరి 20 దాకా, అది కూడా ఎక్స్‌రే అవీ అన్నీ చేసి. ప్రతీ సీజన్ కి అలాగే ఉంటుందనుకోకూడదు, స్వాములు బయల్దేరే ముందు ఆ ఏడాది రూల్ ఏంటో ఎయిర్‌లైన్ కి ఫోన్ చేసి అడగాలి. కర్పూరం కూడా వద్దు, మండే వస్తువు. మజ్జిగౌరమ్మ గుడి నుంచి తెచ్చిన ప్రసాదం, కుంకుమ పర్లేదు, ఆ పూజ సామాన్ల కవర్లోనే కర్పూరం, అగ్గిపెట్టె కలిసి ఉండిపోతాయి, అవి తీసేయండి. అగ్గిపెట్టె, లైటర్ రెండూ ఎక్కడా పనికిరావు, చెకిన్ లో దాచినా స్కానర్ పట్టేస్తది. దీపావళికి వెళ్ళేవాళ్ళు పిల్లల కోసం కాకరపువ్వొత్తులు పెట్టుకోకండి బాబూ, టపాకాయ సామాను ఏదైనా అంతే.

పదునైనవన్నీ చెకిన్ లో. మన అమ్మమ్మల తమలపాకుల సంచిలో అడకత్తెర ఉంటది చూసారా, ఆ సంచి ఆవిడ ఒళ్ళోనే ఉంటది, తీసి పెట్టమంటే ఊరుకోదు. బయల్దేరే ముందు ఆవిడకి చెప్పి వక్కలు ముందే ముక్కలు చేసి డబ్బాలో పోసి ఇచ్చి, అడకత్తెర సూట్‌కేస్ లో పెట్టండి, లేదంటే అది అక్కడ డబ్బాలో పడేయాలి, పాత ఇత్తడి అడకత్తెర పోతే ఆవిడ ఏడాది పాటు అదే చెప్తది. కత్తిపీట, కొబ్బరి కోరు, కత్తెర, చాకు, ఇవన్నీ చెకిన్. పనికి వెళ్ళే తాపీ మేస్త్రిలు, ప్లంబర్లు, వడ్రంగులు తాపీ, సుత్తి, స్క్రూడ్రైవర్, రెంచీలు ఏదీ చేతి సంచిలో పెట్టుకోకండి.

దీనికి సరిగ్గా రివర్స్ పవర్ బ్యాంక్. అది చెకిన్ లో పెట్టకూడదు, చేతి సంచిలోనే ఉండాలి, విడి బ్యాటరీలు కూడా అంతే. కారణం సింపుల్, లిథియం బ్యాటరీ అంటుకుంటే పైన సీట్ల దగ్గర అయితే సిబ్బంది ఆర్పుతారు, కింద లగేజీ గదిలో అంటుకుంటే చూసేవాళ్ళు ఉండరు. లిమిట్ 100 వాట్ అవర్, మామూలు 20,000 ఎంఏహెచ్ ది 74 వస్తది, పర్లేదు. మీద రాసి ఉన్న అంకెలు చెరిగిపోయిన పాతది, బజార్లో దొరికే పేరు లేనిది అయితే ఆపే ఛాన్స్ ఉంది. ఫ్లైట్ లో దాంతో ఫోన్ ఛార్జింగ్ పెట్టొద్దంటున్నారు ఇప్పుడు, అది కూడా గుర్తుంచుకోండి. చెకిన్ లో పవర్ బ్యాంక్ ఉండిపోతే మీ పేరు మైకులో పిలుస్తారు, మీరు మళ్ళీ వెళ్ళి సంచి విప్పి తియ్యాలి, పెళ్ళికి వెళ్ళేవాళ్ళ సూట్‌కేస్ అయితే చీరలన్నీ బయటికి వస్తాయి.

మందులు చేతి సంచిలో పెట్టుకోండి, డాక్టర్ చీటీతో. ఇన్సులిన్, సిరంజి ఉంటే చీటీ తప్పనిసరిగా ఉంచుకోండి. బంగారం, డబ్బులు, ఫోన్, కాగితాలు ఎప్పుడూ చెకిన్ లో వెయ్యకండి, బరంపురం పట్టు చీరల మధ్యలో నగల డబ్బా దాస్తే సేఫ్ అనుకుంటారు కొందరు, ఆ సూట్‌కేస్ మళ్ళీ మీ చేతికి వచ్చేదాకా ఎన్ని చేతులు మారుద్దో ఆలోచించండి.

బయల్దేరే టైమ్ దగ్గరకి వస్తే, డొమెస్టిక్ అయితే ఫ్లైట్ కి రెండు గంటల ముందు, ఇంటర్నేషనల్ అయితే మూడు గంటల ముందు ఎయిర్‌పోర్ట్ లో ఉండాలి. డొమెస్టిక్ లో లగేజీ కౌంటర్ చాలా ఎయిర్‌లైన్స్ గంట ముందు మూసేస్తాయి, బోర్డింగ్ గేటు దాదాపు 25 నిమిషాల ముందు. రైలు మీద ఆధారపడేవాళ్ళు ఈ రెండు గంటల్లో రైలు లేటు కలపాలి, మనం వచ్చేది పలాస శ్రీకాకుళం దాటి లేదా పార్వతీపురం విజయనగరం దాటి, అర్ధగంట అటూ ఇటూ అనుకున్నది రెండు గంటలు అవ్వొచ్చు. పొద్దున్న ఫ్లైట్ అయితే ముందు రోజు సాయంత్రానికే వైజాగ్ లో చుట్టాల ఇంట్లో పడుకోవడం మంచిది. వైజాగ్ ఎయిర్‌పోర్ట్ అంటే ఇన్నాళ్ళూ ఊళ్ళో ఎన్ఏడీ జంక్షన్ దగ్గరదే, ఇప్పుడు భోగాపురంలో కొత్తది కట్టారు, ఆటో ఎక్కే ముందు మీ టికెట్ మీద ఏ ఎయిర్‌పోర్ట్ ఉందో ఒకసారి చదువుకోండి, రెండిటికీ చాలా దూరం.

గేటు దగ్గర తుపాకీ పట్టుకుని నిలబడిన వాళ్ళని చూసి బెదిరిపోకండి, వాళ్ళు సీఐఎస్‌ఎఫ్ అంటే కేంద్ర ప్రభుత్వ భద్రతా దళం వాళ్ళు, పెద్ద ఎయిర్‌పోర్టులన్నిట్లో వాళ్ళే ఉంటారు. 1999 డిసెంబర్ లో ఖాట్మండు నుంచి ఢిల్లీ వచ్చే ఐసీ 814 ని హైజాక్ చేసి కాందహార్ తీసుకుపోయారు కదా, దాని తర్వాత ఎయిర్‌పోర్టుల కాపలా వీళ్ళకి అప్పజెప్పారు, 2000 ఫిబ్రవరిలో జైపూర్ తో మొదలైంది, మన జయపురం కాదు, రాజస్థాన్ జైపూర్. అంతకుముందు ఎక్కడికక్కడ రాష్ట్ర పోలీసులే చూసేవాళ్ళు. వీళ్ళు టికెట్, కార్డు, మీ మొహం చూసి లోపలికి పంపుతారు. టికెట్ లేనివాళ్ళకి లోపలికి ఎంట్రీ లేదు, సాగనంపడానికి వచ్చిన పదిమంది బయటే ఆగాలి, కాబట్టి దండాలు, కన్నీళ్ళు, సెల్ఫీలు అన్నీ గేటుకి ఇవతలే కానిచ్చి, ఆ తర్వాత లైన్లో నిలబడండి. లైన్లో సగం దూరం వెళ్ళాక మళ్ళీ వెనక్కొచ్చి మేనత్త కాళ్ళకి దండం పెడితే వెనకోళ్ళు తిడతారు.

డిజీయాత్ర అని ఇంకో లైను ఉంటది. ఫోన్ లో యాప్ వేసుకుని ఆధార్, మొహం ఫోటో ముందే ఎక్కిస్తే గేటు దగ్గర కెమెరా మొహం చూసి తలుపు తెరుస్తది, కార్డు తియ్యక్కర్లేదు. 2022 డిసెంబర్ 1న ఢిల్లీ, బెంగళూరు, వారణాసిలో మొదలైంది, వైజాగ్ కి భువనేశ్వర్ కి 2024 సెప్టెంబర్ లో వచ్చింది, వైజాగ్ లో ప్రారంభించింది మన పక్క శ్రీకాకుళం ఎంపీ, విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడే. ఇది ఇష్టమైతేనే, బలవంతం లేదు. దీంతో లైను తగ్గుద్ది అంతే, సంచి చెకింగు మాత్రం అందరికీ ఒకటే, అది తప్పించుకుందామని యాప్ వేసుకుంటే లాభం లేదు. యాప్ ఉన్నా జేబులో కార్డు మాత్రం ఉంచుకోండి.

లోపల కౌంటర్ లో పెద్ద బ్యాగ్ ఇచ్చి బోర్డింగ్ పాస్ తీసుకోండి. దానితో పాటు లగేజీ స్టిక్కర్ ముక్క ఇస్తారు, పారేయొద్దు, బ్యాగ్ రాకపోతే అదే ఆధారం. "ఇందులో ఎవరైనా ఇచ్చిన సామాను ఉందా" అని అడుగుతారు. మన ఊళ్ళల్లో ఫలానా వాళ్ళబ్బాయి అక్కడే ఉంటాడు, ఈ ప్యాకెట్ ఇచ్చేయమ్మా అని చివరి నిమిషంలో పెడతారు కదా, దాన్ని విప్పి చూడకుండా తీసుకోకండి, మొహమాటం వద్దు, లోపల ఏముందో మీ సంచిలో దొరికితే అది మీదే అంటారు, మా ఎదురింటి పిన్ని ఇచ్చింది అని చెప్తే ఎవడూ వినడు.

ఇక అసలు సెక్యూరిటీ. మగవాళ్ళకి ఆడవాళ్ళకి లైన్లు వేరు వేరు. ముందు ప్లాస్టిక్ ట్రేలు ఉంటాయి, ఒకటి తీసుకుని రోలర్ల మీద పెట్టి, ల్యాప్‌టాప్, ట్యాబ్, పవర్ బ్యాంక్, ఛార్జర్, ఫోన్ సంచిలోంచి తీసి ట్రేలో విడిగా పెట్టాలి. బెల్ట్, వాచీ, పర్సు, తాళాలు, చిల్లర అన్నీ ట్రేలోకి. జర్కిన్ ఉంటే అది కూడా. చేతి సంచి ఇంకో ట్రేలో. జేబులో మిగిలిపోయేవి సాధారణంగా ఖైనీ డబ్బా, చిల్లర, పెన్ను, సంచి తాళం చెవి, పంచె కట్టుకునే పెద్దాయనలకి మొలతాడుకి కట్టిన తాళం గుత్తి. కొత్త ఎయిర్‌పోర్టుల్లో ట్రే దానంతట అదే వెళ్తది, కొన్ని చోట్ల మనమే తోయాలి. ట్రే స్కానర్ లోపలికి వెళ్ళాకే మీరు ముందుకి కదలండి, ముందే వెళ్ళిపోతే సామాను ఇటు మీరు అటు అవుతారు.

తర్వాత మెటల్ డిటెక్టర్ గుమ్మం. దాంట్లోంచి మామూలుగా నడవాలి, పరిగెత్తొద్దు, మధ్యలో ఆగొద్దు. అది కుయ్యిమన్నా కంగారేం లేదు, ఎలాగూ దాని తర్వాత చేతి మిషన్ తో ఒళ్ళంతా చూస్తారు. చిన్న మెట్టు లాంటిది ఉంటది, దాని మీద ఎక్కి చేతులు చాపి నిలబడాలి. వాళ్ళు మాట్లాడేది ఎక్కువగా హిందీ, మన పెద్దవాళ్ళకి ఒడియా వస్తది, తెలుగు వస్తది, హిందీ దగ్గర ఆగిపోతారు, అందుకే ముందే చెప్పి ఉంచండి. "జేబ్ ఖాలీ కీజియే" అంటే జేబులో ఉన్నవి తియ్యమని, "హాథ్ ఊపర్" అంటే చేతులు ఎత్తమని, "పీఛే ఘూమియే" అంటే అటు తిరగమని, "బెల్ట్ నికాలియే" అర్థమయ్యేదే, "బ్యాగ్ కిస్కా హై" అంటే ఈ సంచి ఎవరిది అని. "హో గయా" అంటే అయిపోయింది, వెళ్ళొచ్చు. ఇంతే, ఇంతకంటే ఎక్కువ మాట్లాడేది ఉండదు.

ఆడవాళ్ళకి గుడ్డ తెరలు కట్టిన చిన్న గది ఉంటది, లోపల లేడీ కానిస్టేబుల్ చూస్తారు, మగవాళ్ళు ఎవరూ ముట్టుకోరు. తాళిబొట్టు, గాజులు, మెట్టెలు మామూలుగా తియ్యమనరు, మిషన్ శబ్దం చేస్తే ఏంటో చూసి వదిలేస్తారు. పెద్ద కొప్పు పెట్టుకుని పిన్నులు గుచ్చుకుంటే కొప్పు కూడా తడిమి చూస్తారు, కాబట్టి ఆ రోజుకి జడ వేసుకుంటే సుఖం. రవికలో చిల్లర పర్సు పెట్టుకునే అలవాటున్న అమ్మమ్మలు దాన్ని ముందే సంచిలో వెయ్యాలి. కడుపుతో ఉన్నవాళ్ళు ఆ గుమ్మం గురించి భయపడతారు, అది ఎక్స్‌రే కాదు, లోహం ఉందో లేదో చెప్పే అయస్కాంత క్షేత్రం అంతే, ఎక్స్‌రే అనేది సంచులకే, అయినా మనసు ఒప్పకపోతే చేత్తో చెక్ చెయ్యమని అడగొచ్చు.

గుండెకి పేస్‌మేకర్ వేసినవాళ్ళు గుమ్మం ముందే ఆగి చెప్పాలి, హాస్పిటల్ ఇచ్చిన కార్డు చూపించి చేత్తో చెక్ చేయించుకోవాలి. మోకాళ్ళ ఆపరేషన్ అయినవాళ్ళకి, విరిగిన ఎముకలో రాడ్ ఉన్నవాళ్ళకి మిషన్ మోగుద్ది, "ఘుట్నే మే ఆపరేషన్ హువా హై" అని చెప్తే సరిపోద్ది. నడవలేని పెద్దవాళ్ళకి వీల్‌చైర్ ఫ్రీ, టికెట్ బుక్ చేసేటప్పుడే పెట్టాలి, కనీసం 48 గంటల ముందు. మనిషిని గేటు దగ్గర నుంచి విమానం దాకా తోసుకుని తీసుకెళ్తారు, సెక్యూరిటీ కూడా వాళ్ళే దాటిస్తారు, పెద్దవాళ్ళు ఒంటరిగా వెళ్తుంటే నడవగలిగినా సరే మోకాళ్ళ నొప్పులుంటే మొహమాటపడకుండా పెట్టించండి.

ఒకవేళ మీ సంచి పక్కకి తీశారనుకోండి, ఏం భయం లేదు, రోజూ వందల సంచులు తీస్తారు. మీ ముందే విప్పుతారు, వాళ్ళు అడిగింది మీరే తీసి చూపించండి, అన్నీ బయటికి పోసేయకండి. కొన్నిసార్లు సంచి మీద, చేతుల మీద చిన్న గుడ్డ ముక్కతో తుడిచి మిషన్ లో పెడతారు, అది పేలుడు పదార్థాల జాడ ఉందో లేదో చూడటానికి. ఒప్పుకోని వస్తువు దొరికితే మూడు దార్లు, అక్కడే వదిలేయడం, టైమ్ ఉంటే వెనక్కి వెళ్ళి కౌంటర్ లో చెకిన్ చేయించడం, లేదా సాగనంపడానికి వచ్చినవాళ్ళు ఇంకా బయట ఉంటే వాళ్ళకి ఇప్పించడం. అందుకే మిమ్మల్ని దింపినవాళ్ళని మీరు సెక్యూరిటీ దాటి ఫోన్ చేసేదాకా వెళ్ళిపోవద్దని చెప్పండి. వాదించడం వల్ల ఇప్పటిదాకా ఎవరికీ పచ్చడి దక్కలేదు.

నీళ్ళ బాటిల్ డొమెస్టిక్ లో మామూలుగా వదిలేస్తారు, ఒక్కోసారి ఒక గుటక తాగి చూపించమంటారు. ఇంటర్నేషనల్ కి మాత్రం ద్రవాలు, పేస్టులు, క్రీములు ఒక్కోటి 100 ఎంఎల్ దాటకూడదు, అన్నీ ఒక లీటరు పట్టే పారదర్శక కవర్లో పట్టాలి. 2006 ఆగస్టులో లండన్ లో కూల్ డ్రింక్ బాటిల్స్ లో పేలుడు ద్రవం పెట్టి విమానాలు పేల్చాలన్న కుట్ర బయటపడింది, అప్పటి నుంచి వచ్చిన రూల్ ఇది. సగం అయిపోయిన 200 ఎంఎల్ కొబ్బరినూనె డబ్బా కూడా చెల్లదు, డబ్బా సైజే చూస్తారు, లోపల ఎంత ఉందో చూడరు. పసిబిడ్డ పాలకి మినహాయింపు ఉంది.

బాంబు అనే మాట జోక్ గా కూడా అనొద్దు. "సంచిలో ఏముంది" అంటే "ఏముంది బాంబు ఉంది" అని మనవాళ్ళు వెటకారంగా అనేస్తారు, అక్కడ అది వెటకారం కాదు, ఫ్లైట్ పోతుంది, కేసు కూడా అవుద్ది. సీమటపాకాయ, తుపాకీ, హైజాక్, ఇవన్నీ బయటికొచ్చాక మాట్లాడుకోండి. ఎన్ఏడీ దగ్గర వైజాగ్ ఎయిర్‌పోర్ట్ నేవీ వాళ్ళ ఐఎన్ఎస్ డేగాలో ఉంది, అక్కడ రన్‌వే మీద, విమానంలోంచి ఫోటోలు వీడియోలు తియ్యొద్దంటారు, వాట్సాప్ స్టేటస్ కోసం ఆశపడకండి. సెక్యూరిటీ చెక్ దగ్గర అయితే ఏ ఎయిర్‌పోర్ట్ లోనూ ఫోటో వద్దు.

గల్ఫ్ కి వెళ్ళేవాళ్ళకి కొన్ని విడిగా చెప్పాలి. గసగసాలు, చిన్న పొట్లం కూడా వద్దు, యూఏఈ, సౌదీ లాంటి దేశాల్లో అది మత్తు పదార్థం కింద లెక్క, మసాలా పొడిలో కలిపినా అంతే, అమ్మ వంట కోసం పెట్టిన పొట్లానికి జైలు. ఇక్కడ మన సెక్యూరిటీ వాళ్ళు వదిలేసినా అక్కడ దిగాక పట్టుకుంటారు. గుట్కా, ఖైనీ కూడా ఇక్కడే మానేయండి. నొప్పుల మాత్రల్లో ట్రమడాల్ ఉన్నవి చీటీ, పర్మిషన్ లేకుండా తీసుకెళ్ళొద్దు. పాస్‌పోర్ట్ మీద ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) అని ఉంటే, అంటే ముఖ్యంగా పది పాస్ కానివాళ్ళకి, పనికి వెళ్ళే 18 దేశాలకి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ ఉండాలి, అది ఈమైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్ లో అవుద్ది, ఏజెంట్ ఏదో స్టాంపు వేయించాను అంటే కాగితం చూపించమనండి, లేకపోతే ఇమ్మిగ్రేషన్ కౌంటర్ దగ్గరే వెనక్కి పంపేస్తారు. ఇంకోటి, మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి మొత్తం పేరు ఒకదాంట్లోనే ఉంటది చాలామందికి, పేరు మొత్తం ఒకే మాట అయితే 2022 నవంబర్ నుంచి యూఏఈ విజిట్ వీసాల మీద ఒప్పుకోవడం లేదు, వీసాకి డబ్బు కట్టకముందే చూసుకోండి. టూరిస్ట్ వీసా మీద పంపి అక్కడ పని ఇప్పిస్తా అనే ఏజెంట్ ని నమ్మొద్దు అని మళ్ళీ చెప్పక్కర్లేదు గానీ చెప్తున్నా.

ట్రే లోంచి సామాను తీసుకునేటప్పుడు తొందర వద్దు. వాచీ, బెల్ట్, ఫోన్, ఆధార్ అక్కడే వదిలేసి పోయేవాళ్ళు చాలామంది, పక్కకి జరిగి ఒక కుర్చీలో కూర్చుని లెక్క చూసుకోండి. మర్చిపోయి వెళ్ళిపోతే సీఐఎస్‌ఎఫ్ వాళ్ళ వెబ్‌సైట్ లో ఎయిర్‌పోర్ట్ వారీగా దొరికిన వస్తువుల లిస్టు ఉంటది, దాంట్లో వెతకొచ్చు.

తర్వాత గేటు నంబర్ చూసుకుని అక్కడ కూర్చోవడమే. బోర్డింగ్ పాస్ మీద ఉన్న గేటు మారొచ్చు, చాలా ఎయిర్‌పోర్టుల్లో మైకులో చెప్పడం తగ్గించేశారు, రైల్వే స్టేషన్ లో లాగా పిలుస్తారులే అని నిద్రపోతే ఫ్లైట్ పోద్ది, టీవీ స్క్రీన్ మీద మీ ఫ్లైట్ నంబర్ ఎదురుగా ఏముందో పావుగంటకోసారి చూడండి. జనవరి 26, ఆగస్టు 15 దగ్గర్లో అయితే విమానం మెట్ల ముందు ఇంకోసారి ఒళ్ళు, సంచి చూస్తారు, అది అందరికీ ఉంటది, మీ ఒక్కరినే ఆపారనుకోకండి. ఆ రోజుల్లో ఇంకో గంట ముందుగా బయల్దేరండి.